జనరలుకు అరువిచ్చిన గొంతు

పలక మీద బలపం కీచుమంటే ఎవరికైనా పళ్ళు జివ్వుమంటాయి. నాకు మాత్రం నోరు తెరుచుకుంటుంది. మొన్న ఆదివారం మా అన్న కూతురికి అక్షరాలు దిద్దిస్తున్నాను. అది బలపాన్ని గట్టిగా నొక్కి ఒక్క లాగు లాగింది. అంతే, నేను నిటారుగా కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఏదో చెప్పబోయాను. "ఏంది అత్తా, ఏం చెప్పబోతివి?" అని పిల్ల విడ్డూరంగా చూసింది. ఏం చెప్పను దానికి? ఆ చప్పుడు మొదలవగానే మాట్లాడటం, ఆగగానే ఆగడం, మూడేళ్ళపాటు ఇదే నా అలవాటు. అది నాకు నేర్పినవాడు మాటలేని మనిషి.

ఆయన పేరు కె. వరదప్ప. కురుచికుప్పంలో మా వీధి మొత్తానికి సొల్దా మామ. సొల్దా అంటే ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో ఇంటికొచ్చిన సిపాయి. పుదుచ్చేరిలో అలాంటివాళ్ళు అప్పట్లో చాలామందే ఉండేవారు. ఏటా జులై పద్నాలుగున, ఫ్రెంచివాళ్ళ జాతీయ పండగనాడు, పతకాలన్నీ కోటుకి తగిలించుకుని, ఆ ఎండలో చెమటలు కక్కుతూ సముద్రం ఒడ్డున కవాతుకి బయల్దేరేవారు. మామ వీధిలో నడిచి వెళ్తుంటే ఆడవాళ్ళు పని వదిలేసి గుమ్మాల్లోకి వచ్చి చూసేవాళ్ళు. మావన్నీ మిల్లు పనివాళ్ళ ఇళ్ళు. తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం. మాలో సముద్రం దాటి యుద్ధం చేసినవాడు ఆయనొక్కడే. ఆ గర్వం ఆయనకన్నా మాకే ఎక్కువ.

మామకు సినిమాల పిచ్చి, అందులోనూ యుద్ధం సినిమాల పిచ్చి. ఫ్రాన్సులో ఉన్న మేనల్లుడు మొదట్లో వీడియో క్యాసెట్లు, తర్వాత డీవీడీలు పంపేవాడు. ఆదివారం మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆయన హాలు కాస్తా సినిమా హాలైపోయేది. కిటికీలకు సైన్యం నాటి ముతక కంబళ్ళు కట్టేవాడు. సున్నం కొట్టిన గోడే తెర. ప్రొజెక్టరు వేడికి దుమ్ము కాలిన వాసన వచ్చేది. సినిమా ఏమో ఫ్రెంచిలో, చూసేవాళ్ళమేమో మేము! అందుకని బొమ్మ నడుస్తుండగానే మామ గోడ పక్కన నిలబడి ప్రతి మాటనీ మా ఇంటి తెలుగులో చెప్పేవాడు. సిపాయికో గొంతు, డాక్టరుకో గొంతు, ముసలిదానికో గొంతు. నేను బళ్ళో చదువుకునే రోజుల నుంచీ అక్కడ ముందు వరుసలో చాప మీద ఉండేదాన్ని. గోడ మీద ట్యాంకులు దొర్లుతుంటే, మామ గొంతు పైకి లేచి కిందికి పడుతుంటే, వారమంతా ఈ రెండు గంటల కోసమే బతుకుతున్నాననిపించేది.

ఆ గొంతు పోయింది. రెండువేల ఐదో ఆరో. గడ్డ అన్నారు, ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. కొన్ని నెలలు హాలు తలుపు తెరుచుకోలేదు. ఒకరోజు పొద్దున్నే మెడకు కట్టుతో, చేతిలో చిన్నపిల్లల పలకతో మా ఇంటికి వచ్చాడు. అప్పటికి నాకు ఇరవై ఆరు. తట్టాంచావడిలో ఒక వర్క్‌షాపు ఆఫీసులో పని. బళ్ళోనే ఫ్రెంచి నేర్చుకున్నాను కాబట్టి ఫ్రాన్సు నుంచి వచ్చే యంత్రాల కాగితాలు నేనే చదివి చెప్పేదాన్ని. మామ పలక మీద ఫ్రెంచిలో ఒక్క వాక్యం రాసి నా ముందు పెట్టాడు. మా అమ్మ పెనం మీద దోసె వదిలేసి వచ్చింది.

"ఏందంట?"

"నీ గొంతు నాకు కావాల అంటా ఉండాడమ్మా."

అమ్మ నా మెడ చూసింది, ఆయన కట్టు చూసింది. "అయ్యో అన్నా, దీనిది తీసి నీకు పెడతారా? ఆ మాదిరి ఆపరేషన్ కూడా వచ్చేసిందా?" అంది నిజంగానే భయపడి. మామ భుజాలు ఎగిరెగిరిపడేలా చప్పుడు లేకుండా నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆ గోడ పక్కన ఇక నేను నిలబడతానన్నమాట!

నేర్పడంలో మామ పరమ చాదస్తుడు. ఆదివారం వేసే సినిమాని ఆ వారంలో మూడుసార్లు చూడాలి. మొదటిసారి చప్పుడు లేకుండా. "ముందు మొహాలు చూడు, మాటలు అబద్ధం చెప్తాయి" అని పలక మీద రాశాడు. రెండోసారి కళ్ళు మూసుకుని వినాలి. మూడోసారి నేను మాటలు రాసుకోవాలి. మా ఇళ్ళల్లో తెలుగు నోటికే, చేతికి కాదు. నేనూ అప్పట్లో తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లోనే రాసుకునేదాన్ని. ఆ తర్వాత ఉంది అసలు సంగతి. సినిమా నడుస్తుండగా మామ నా పక్కన కూర్చుని పలక మీద గీత గీసేవాడు. గీత మొదలైనప్పుడు నేను మొదలుపెట్టాలి, గీత సాగినంతసేపే మాట్లాడాలి. పొట్టి గీత అయితే పొట్టి మాట. చుక్క పెట్టి బలపాన్ని అక్కడే నొక్కిపట్టాడంటే నోరు మూసుకోవాలి, జనాన్ని మొహం చూడనివ్వాలి. ఆ చుక్కలే నాకు కష్టంగా ఉండేవి. వాగుడుకాయను కదా!

ఇంకొక నియమం ఉండేది. అది చదవగానే నాకు తల తిరిగింది. "నీ దగ్గరున్న మంచి గొంతు విలనుకి ఇవ్వు" అని రాశాడు.

"మరి హీరోకి మామా?"

"ఏదో ఒకటి. వాడిని జనం ఎట్లాగైనా నమ్ముతారు."

నేను ఒప్పుకోలేదు. ఊళ్ళు తగలబెట్టినవాడికి, వేలమందిని చంపించినవాడికి మంచి గొంతు ఎందుకు? వాదించాను. ఆయన విసుక్కోకుండా, తుడుస్తూ రాస్తూ, నాకు మా అమ్మవారి తిరునాళ్ళు గుర్తుచేశాడు. ఆఖరి రోజున గుడి ముందు నేల మీద పెద్ద మట్టిరాజును పడుకోబెడతారు. చెడ్డరాజు. కూత్తు, అంటే వీధినాటకం, ఆడేవాళ్ళు చుట్టూ తిరుగుతూ యుద్ధం ఆడతారు. రాజు చచ్చాక మా ఆడవాళ్ళు చీపుర్లతో ఆ మట్టిని బాదుతారు. అంతలో ఆ రాజు తల్లి వేషం వచ్చి, మట్టి గుండె మీద పడి ఏడవడం మొదలుపెడుతుంది. "అప్పుడు మీ అమ్మ ఏం చేస్తుంది?" అని రాశాడు మామ. ఏం చేస్తుంది, ఏడుస్తుంది. అందరూ ఏడుస్తారు. చీపురు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంటారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, ఒక్కసారైనా ఆలోచించలేదు. "కొట్టాలి, ఏడవాలి. ఒకటి చేసి ఒకటి మానేస్తే సగం పడమే" అని రాసి పలక నా ఒళ్ళో పెట్టాడు. పడం అంటే సినిమా. ఆ పూట ఇంటికి నడిచి పోలేదు, గెంతుకుంటూ పోయాను.

మొదటి ఆరు నెలలు నాకు ఎదురు లేదు. ముప్పై మంది వచ్చేవాళ్ళు, అందరికీ మామే టీ పోసి ఇచ్చేవాడు. "సుగుణ చెప్తే అచ్చం మనోళ్ళే మాట్లాడినట్టుంటాది" అనేవాళ్ళు. వాళ్ళందరిలో ముత్యాలత్తది పెద్ద నోరు. మామ పక్కింటావిడ, భర్త పోయాక ఒంటరిది. కంబళి కట్టిన పెద్ద కిటికీ పక్కన ఆమె చోటు. విలను కనిపిస్తే చాలు తిట్లు లంకించుకునేది. ఆమె ఎంత తిడితే నాకు అంత హుషారు.

అప్పుడు వచ్చింది ఆ జనరలు సినిమా. ఆ జనరలు పేరు నేను రాయను. చరిత్ర పుస్తకాల్లో ఆ పేరు పక్కన మంచి మాట ఒక్కటీ ఉండదు. ఊళ్ళకు ఊళ్ళు మాడ్చి బూడిద చేసినవాడు. కానీ సినిమా తీసినవాళ్ళు ఆయన్ని గదిలో కూర్చోబెట్టారు. చొక్కా గుండీ తనే కుట్టుకుంటాడు. వంటవాడికి ఒంట్లో బాగా లేకపోతే తనే కాఫీ కాచి ఇస్తాడు. ఒకచోట ఇంటి నుంచి ఫోను వస్తుంది. కూతురికి మొదటి పాలపన్ను ఊడింది. "పైదా, కిందిదా? నొప్పి పుట్టిందా తల్లీ? నేను వచ్చేవరకు పారెయ్యకు, దాచిపెట్టు" అంటాడు. ఫోను పెట్టేసి, మళ్ళీ అదే ఫోను తీసి, అదే గొంతుతో, రేపు ఏ ఊరు కాల్చాలో చెప్తాడు. వారంలో మూడుసార్లు చూశాను. ఇంత గొప్ప సన్నివేశం నా నోటి మీదుగా పోబోతోందని ఒకవైపు ఆనందం, ఒకవైపు బెదురు. వీళ్ళు ఆయన్ని ఇష్టపడిపోతే? ఆ పాపం నాదవుతుందేమో?

ఆదివారం వచ్చింది. ఫోను మోగింది. బలపం కీచుమంది, పొడుగాటి మెత్తని గీత. జనరలు మొహంలో నవ్వు చూసి ముత్యాలత్త అప్పుడే, "పాపం, కూతురంటే పాణం మాదిరి ఉండాది" అనేసింది. నా నోటికి ఏదొస్తే అది వచ్చేసింది. గొంతు బొంగురు చేసి, "నోరు మూసుకుని పడుకో! ఏడిస్తే ఆ ఊరితో కలిపి నిన్నూ కాల్చేస్తా!" అన్నాను. హాలు భగ్గుమంది. "థూ, కన్న బిడ్డనే అంటాడే, వీడూ మనిషేనా!" అని ముత్యాలత్త లేచి నిలబడింది. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. దాచుకోవడం ఎందుకు, నాకు బ్రహ్మానందమైంది.

పలక మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు. బొమ్మ ఆగిపోయింది. మామ లైటు వేశాడు. ఇన్నాళ్ళలో ఆయన సినిమా మధ్యలో ఆపడం అదే మొదటిసారి. పలక మీద, "ఆయన ఆ మాట అనలేదు. చదువు, పైకి" అని ఉంది. చదివాను. చెవులు కాలిపోయాయి. సిగ్గు కాస్తా కోపమైంది.

"అనకపోతే ఏం మామా? ఇంతమందిని చంపినోడికి కూతురి పన్ను ఒకటి కావాల్నా? వాడి మీద నీకెందుకంత జాలి?"

"సరిగ్గా అడిగింది. నువ్వు ఎదురుగా నిలబడి యుద్ధం చేసినోడివి కదన్నా, చెడ్డోళ్ళు ఎట్లుంటారో నీకు తెలీదా?" అంది ముత్యాలత్త.

మామ అందరి వైపూ ఒకసారి చూశాడు. తర్వాత రాయడం మొదలుపెట్టాడు. పలక నింపి నా చేతికిచ్చాడు. నేను కళ్ళతో ముందుగా చదివాను. ఆ గదిలో ఫ్రెంచి చదవగలిగేది మేమిద్దరమే. అది ఆయన సొంత కథ, ఎటు పోబోతోందో నాకు అర్థమైంది. కోటు, పతకాలు, గుమ్మాల్లో నిలబడి చూసే ఆడవాళ్ళు, అన్నీ ఆ పలక మీద ఉన్నాయి. ఒక్క మాట మారిస్తే చాలు, ఏదీ పోదు. మామ నన్నే చూస్తున్నాడు. బలపం పలక దగ్గరికి కూడా తేలేదు. ఈసారి గీత లేదు, నా ఇష్టం. నేను చదివాను, 'నేను' అని ఉన్నచోట 'నేను' అనే చదివాను.

"నాకు అప్పుడు ఇరవై ఏండ్లు. ఇండోచైనాలో ఉండాము. మా కెప్టెను మంచోడు. చలిజొరం వస్తే మూడు దినాలు ఆయన కంబళి నాకు కప్పి ఆయన చలిలో కూచున్నాడు. మా అమ్మకి జాబు రాయను నాకు అక్షరాలు నేర్పించింది ఆయనే. ఆ కంబళి అదో, ఆ పెద్ద కిటికీకి కట్టుండేది."

అందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. కంబళికి ఆనుకుని కూర్చున్న ముత్యాలత్త కాస్త ఇవతలికి జరిగింది. మామ తుడిచాడు, మళ్ళీ రాశాడు.

"ఒక దినం ఆయన ఒక ఊరు చూపించి కాల్చమన్నాడు. అరవలేదు. టీ తెమ్మన్నట్టే చెప్పినాడు. కిరసనాయిలు డబ్బా నా చేతిలో ఉండింది. పోసింది నేనే."

నా గొంతులోంచి వచ్చిన ఆ 'నేనే' నాకే కొత్తగా వినిపించింది. మూడో పలక.

"రాచ్చసుడు చెప్పుంటే పారిపోయేవాడ్ని. మంచోడు చెప్పినాడు, అందుకే చేసినా. మీరంతా రాచ్చసుడు కొమ్ములతో వస్తాడని కాచుకోనుండారు. ఆయన కంబళితో వస్తాడు. అందుకే ఆ పన్ను మాట మీరు వినాల."

ముత్యాలత్త అడిగింది, చాలా చిన్న గొంతుతో, "ఆ ఇండ్లల్లో పిల్లోళ్ళు ఉండిరా అన్నా?"

నాలుగో పలకకి మామ ఎక్కువసేపు తీసుకున్నాడు. రాసింది కొంచెమే.

"చూడలేదు. చూడకుండా ఉండేదానికే అటు తిరిగి నిలబడినా."

పది మందికి పైగా లేచి వెళ్ళిపోయారు. తలుపు తెరిచినప్పుడల్లా ఎండ లోపలికి పడి, గోడ మీద ఆగిపోయిన జనరలు మొహం వెలిసిపోయి, మళ్ళీ కనిపించేది. ముత్యాలత్త కూడా గుమ్మం దాకా పోయింది. అక్కడ నిలబడి కొంగు సర్దుకుని, వెనక్కి వచ్చి, కిటికీ దగ్గర కాకుండా గోడవారగా కూర్చుంది. "పడం వెయ్యి. వాడి కథ యాడికి పోతుందో చూస్తా. కానీ ఇంక నీ చేత్తో టీ తాగను" అంది. మామ తల ఊపాడు. పలక మీద ఇంకేదో రాసి, నా వైపు చూసి, అరచేత్తో దాన్ని తనే తుడిచేసి, సినిమా మొదటి నుంచి వేశాడు.

ఆ రెండు గంటల గురించి చెప్పమంటే ఇప్పటికీ నాకు మాట తడబడుతుంది. నా దగ్గరున్న మంచి గొంతు ఆ జనరలుకు ఇచ్చాను. ఫోను మోగింది, పొడుగు గీత సాగింది. "పైదా, కిందిదా? నొప్పి పుట్టిందా తల్లీ?" అన్నాను. వెనక ఎవరో మెత్తగా నవ్వారు. మళ్ళీ ఫోను తీశాడు, పొట్టి గీత, ఊరి పేరు, "రేపు పొద్దున" అన్నాను అదే గొంతుతో. మామ చుక్క పెట్టి నొక్కిపట్టాడు. ఆ నవ్వినవాళ్ళ నవ్వు సగంలో తెగిపోవడం నాకు వినిపించింది. ముత్యాలత్త తిట్టలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నా ఒళ్ళంతా జలదరించింది. అది భయం కాదు, సంతోషమని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఒక గది మొత్తం ఒకేసారి నిజం విన్నది, అది నా నోట విన్నది! మట్టిరాజు, చీపురు, కన్నీళ్ళు, అన్నీ ఒకేచోట.

వీధిలో ఏం జరిగింది అంటారా? కొందరు మళ్ళీ రాలేదు. ముత్యాలత్త మాత్రం ఒక్క ఆదివారం తప్పలేదు, తన టీ తను ఫ్లాస్కులో తెచ్చుకునేది. మామ మాత్రం ప్రతివారం ఆమెకని ఒక గ్లాసు పోసి పక్కన పెట్టేవాడు, అది చల్లారిపోయేది. ఆ ఏడు జులై పద్నాలుగున కవాతుకి వెళ్ళాడు, తెల్ల చొక్కా వేసుకుని, ఒక్క పతకం లేకుండా. మరో రెండేళ్ళకు పోయాడు. పలక నాకు ఇవ్వమని రాసిపోయాడట. మొన్న మా పిల్ల అక్షరాలు దిద్దింది దాని మీదే.

ఇప్పుడు నేను చెన్నైలో పరాయి భాష సినిమాలకు తెలుగు మాటలు రాస్తాను. ముప్పై ఏళ్ళు దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. దుర్మార్గుడి మాటలు వచ్చినప్పుడు స్టూడియోలో నన్ను తొందరపెడతారు, "వాడికెందుకమ్మా ఇంత కమ్మని వాక్యం, కోసెయ్" అంటారు. కొయ్యను. ఆ విషయంలో నేను మొండిదాన్నని పేరు. విలను వాక్యం మీద చెయ్యి వేస్తే ఊరుకోనని నలుగురికీ నేనే గొప్పగా చెప్పుకుంటాను. అలా చెప్పుకున్న ప్రతిసారీ లోపల ఒకటి గుచ్చుకుంటుంది. ఎందుకంటే ఆ రోజు మామ రాసింది నాలుగు పలకలు కాదు, అయిదు. అయిదోది నేను పైకి చదవలేదు.

ఊరు కాల్చాడంటే వీళ్ళు ఎలాగో ఓర్చుకున్నారు, ఇది ఓర్చుకోలేరనుకున్నాను. మామను కాపాడుతున్నాననుకున్నాను. ఆయన ఎదురుచూశాడు, నేను తల దించుకున్నాను. రెండు దెబ్బలు పడతాయనుకున్నాను, పడలేదు. ఆయనే తుడిచేశాడు. జనరలు కూతురి పన్ను కోసం సినిమా ఆపిన మనిషి, తన మాట కోసం ఆపలేదు. ఆ తర్వాత రెండేళ్ళలో ఒక్కసారైనా అడగలేదు. నేనూ అనలేదు. ఒకే తప్పు, ఒకే మధ్యాహ్నం, రెండుసార్లు చేశాను.

మొన్న పిల్లను మళ్ళీ గీయమన్నాను. "ఏం గీయాల అత్తా?" అంది. ఒక గీత చాలు, ఈ చివరి నుంచి ఆ చివరికి, మెల్లగా, అన్నాను. అది నాలుక బయటపెట్టి, బలపం నొక్కిపట్టి లాగింది. కీచుమంది. నేను నిటారుగా కూర్చుని, నా దగ్గరున్న మంచి గొంతుతో, గీత సాగినంతసేపూ చెప్పాను:

"ఆ సాయంత్రం కూడా కెప్టెను నా పళ్ళెంలో కూడు పెట్టినాడు. నేను తిన్నాను. ఆయనంటే నాకు ఇప్పటికీ ప్రేమే."